ఎడమ పక్క మ్యాట్‌కి చిల్లు

అమ్మకానికి పెట్టాలంటే ముందు ఫోటోలు కావాలి, ఫోటోలు కావాలంటే కారు కడగాలి. అందుకని ఆ ఆదివారం పొద్దున్నే బకెట్టు, పాత బనీను గుడ్డ, రెండు షాంపూ పాకెట్లు పట్టుకుని సెల్లార్‌లోకి దిగా. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి నేను కడుగుతా కదా సార్ అన్నాడు, వద్దులేవయ్యా ఇవాళ ఒక్కరోజు నన్ను కడగనీ అన్నా. వాడికేం అర్థమైందో ఏమో గానీ పక్కనే స్టూలేసుకుని కూర్చుని చూశాడు మొత్తం, మధ్యమధ్యలో అక్కడ మట్టుంది సార్ అని చూపిస్తూ.

చేత్తో కడిగితే ఒకటి తెలుస్తుంది, కంటికి కనపడని సొట్టలు కూడా అరచేతికి తగుల్తాయి. వెనక డోరు కింద ఒకటి, పెట్రోల్ మూత పక్కన ఒకటి, బానెట్ మీద కొబ్బరికాయ పడ్డ గుంట ఒకటి. (దిష్టి తీసి కొట్టిన కాయ కాదండోయ్, చెట్టు మీంచి పడ్డది.) లోపల మ్యాట్లు తీసి గోడకేసి దులిపా. నాలుగింట్లో మూడు బానే ఉన్నాయి. ముందు ఎడమ పక్కది, అంటే డ్రైవర్ పక్క సీటు కింద ఉండేది, దానికి మాత్రం అరచెయ్యంత చిల్లు. మా అమ్మాయి ఫోటోలు తీస్తూ ఇది పడకుండా తీస్తాలే నాన్నా అంది. సరే అన్నా. ఆ చిల్లు సంగతి చెప్పాలి, కానీ ముందు కారు సంగతి.

మారుతీ 800. 1998 మోడల్, తెలుపు, ఏపీ 16 బండి, ఏసీ లేదు. నంబర్‌లో అంకెలన్నీ కూడితే 9 వస్తుంది, మన జనానికి 9 వస్తే చాలు కదా ఇంజిన్ లేకపోయినా కొంటారు. నేను కొన్నది 2004లో, సెకండ్ హ్యాండ్, లక్షా పదివేలకి. విజయవాడలోనే ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్ గారి దగ్గర. ఆయన రిటైరై కొడుకు దగ్గరికి అమెరికా వెళ్ళిపోతున్నాడు. కారు చూద్దామని వెళ్తే మూడు గంటలు కూర్చోబెట్టాడు, అందులో కారు చూసింది పది నిమిషాలు. మిగతా టైమంతా మారుతీ చరిత్ర చెప్పాడు. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళాలు తీసుకున్నాయన పేరు హర్‌పాల్ సింగ్ అట, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో ఉద్యోగం, లాటరీలో పేరొచ్చిందట. ఆయనేదో మా లెక్చరర్ గారి మేనమామ అన్నంత ఇదిగా చెప్పాడు. నాకేమో ఆకలేస్తోంది, తాళాలు ఎప్పుడిస్తాడా అని చూస్తున్నా.

చివరికి తాళాలిచ్చి చోక్ గురించి చెప్పాడు. అది కార్బురేటర్ మోడల్, చలికాలం పొద్దున్నే స్టార్ట్ చెయ్యాలంటే డాష్‌బోర్డ్ దగ్గరున్న నాబ్ బయటికి లాగాలి. ఇంజిన్ వేడెక్కాక మళ్ళీ లోపలికి తొయ్యాలి, మర్చిపోతే పెట్రోల్ తాగేస్తుంది, వాసన కొడుతుంది. బాబూ చోక్ మర్చిపోకు, చోక్ మర్చిపోకు అని గేటు దాకా వచ్చి మరీ చెప్పాడు. పెద్దాయన ఊరెళ్ళే ముందు రెండుసార్లు ఫోన్ కూడా చేశాడు, కారెలా ఉంది బాబూ అని. రెండోసారి నేను కాస్త విసుక్కున్నా. బానే ఉంది మాస్టారూ, ఇంక నా కారు కదా అన్నా. నవ్వుతూనే అన్నా గానీ, అన్నా.

ఇంటికి తెస్తే మా నాన్న బయటికొచ్చి చుట్టూ తిరిగి చూశాడు. మా నాన్న ఆర్టీసీ డ్రైవర్, 30 ఏళ్ళు బస్సు తోలి కిందటేడే రిటైరయ్యాడు. టైర్ని కాలితో తన్ని, ఇవేంట్రా ఇంతింత ఉన్నాయి అన్నాడు. 12 అంగుళాల చక్రాలు మరి, బస్సు చక్రం పక్కన పెడితే గారెల్లా ఉంటాయి. నడుపు నాన్నా అని తాళాలిస్తే తీసుకోలా. 30 ఏళ్ళు తోలాను చాలు, నువ్వు తోలు, నేను కూర్చుంటా అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు బతిమాలినా ఆ స్టీరింగ్ పట్టుకోలేదు. ఇంత చిన్న చక్రం నా చేతికి ఆనదురా అనేవాడు. నాకు మాత్రం ఆయనకి జీవితంలో ఒక్కసారైనా ప్రయాణికుడిలా కూర్చోవాలని ఉండేదేమో అనిపిస్తుంది.

ప్రయాణికుడిలా కూర్చుంటే బానే ఉండేది. కూర్చుంటేగా.

నాకు నేర్పింది ఆయనే. ఊరి బయట ఒక ఖాళీ లేఅవుట్ ఉండేది, ప్లాట్ల రాళ్ళు పాతి వదిలేశారు, అక్కడికి తెల్లారుజామున ఐదింటికి తీసుకెళ్ళేవాడు. అరిచేవాడు కాదు. తిట్టేవాడు కాదు. పక్కన కూర్చుని కుడికాలితో నొక్కేవాడు. అంటే అటుపక్క బ్రేకూ లేదు ఏమీ లేదు, ఉట్టి నేలే, అయినా నేను ఎక్కడ బ్రేక్ వెయ్యాలో అక్కడ ఆయన కాలు వెళ్ళి మ్యాట్‌ని నొక్కేది. నేను కాస్త లేటుగా వేస్తే గట్టిగా నొక్కేవాడు, మడమ ఆనించి. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత రోడ్డు చూడ్డం కన్నా ఆ కాలు చూసి నడపడం అలవాటైపోయింది. కాలు లేస్తే నేనూ స్లో. ట్రాఫిక్‌లో ముందు బండిని కాదురా, దాని ముందున్న బండిని చూడు అనేవాడు, ముందోడు బ్రేక్ కొట్టేది ఆ ముందోణ్ణి చూసే కదా మరి. హారన్ ఊరికే కొడితే, ఏరా నీ బ్రేకుల మీద నీకు నమ్మకం లేదా అనేవాడు. డ్రైవింగ్ గురించి నేను విన్నవాటిల్లో పనికొచ్చినవి ఈ రెండే.

అలా పదేళ్ళు నొక్కితే మ్యాట్ ఏమవుతుంది. ముందు అక్కడ గీతలు అరిగి నున్నగా అయింది, తర్వాత రూపాయి బిళ్ళంత చిల్లు పడింది, తర్వాత అరచెయ్యంత. మార్చేద్దాం నాన్నా అంటే ఎందుకురా దండగ, కాళ్ళు పెట్టుకునే చోటేగా అనేవాడు. తాను నొక్కుతున్న సంగతి ఆయనకి తెలీదనే ఇప్పటికీ నా అనుమానం. ఒకసారి మా ఆవిడ వెనక కూర్చుని మావయ్యగారూ అక్కడ బ్రేక్ లేదండీ అనేసింది. ఏ బ్రేకమ్మా అన్నాడు.

మే నెలలో ఒకసారి గుంటూరులో పెళ్ళికి బయల్దేరాం. ప్రకాశం బ్యారేజీ మధ్యలోకి వెళ్ళేసరికి బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక హారన్లు, పైన మాడు పగిలే ఎండ, పట్టుచీర కట్టుకుని మా ఆవిడ, ఆమె ముఖం నేను చూడలేదు చూసే ధైర్యం లేదు. నాన్న దిగి బానెట్ ఎత్తమన్నాడు. ఆ వేడికి పెట్రోల్ పంపులోనే ఆవిరైపోతుంది, ఆవిరి అడ్డుపడితే కార్బురేటర్‌కి పెట్రోల్ అందదు, కార్బురేటర్ బళ్ళకి ఎండాకాలం వచ్చే పాత రోగమే అది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, తాగే నీళ్ళ బాటిల్ దాని మీద కుమ్మరించి, పెట్రోల్ పంపు చుట్టూ చుట్టాడు, చంటిపిల్లకి జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసినట్టు. పది నిమిషాలు అలా రెయిలింగ్‌కి ఆనుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు కొట్టు అన్నాడు. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. పెళ్ళికి లేటయ్యాం, తువ్వాలు పెట్రోల్ కంపు కొట్టింది, కానీ ఆ రోజు నుంచి ఎండాకాలం డిక్కీలో ఒక బాటిల్, ఒక గుడ్డ ఎప్పుడూ ఉండేవి. మొన్న కడిగినప్పుడు స్టెప్నీ కింద ఆ గుడ్డ దొరికింది, కట్టెలా బిగుసుకుపోయి.

2006లో అమ్మాయి పుట్టింది. హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చింది ఇందులోనే. వెనక మా ఆవిడ, ఒళ్ళో పిల్ల, పక్కన మా అత్తగారు, ముందు నాన్న. నాలుగు కిలోమీటర్లకి ముప్పావు గంట పట్టింది. సెకండ్ గేర్ దాటలేదు. నేను నడిపింది పదిహేను స్పీడు లోపే, నాన్న కాలు మాత్రం దారంతా లేవకుండా మ్యాట్ మీదే ఉంది. రిక్షావాడు దాటేసి వెళ్ళాడు మమ్మల్ని, నిజంగా. అత్తగారు నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

2015లో ఇంకో కారు కొన్నాం, ఏసీ అదీ ఉన్నది. అప్పట్నించి అది పెద్ద కారు, ఇది పిల్ల కారు. నాన్న పెద్ద కారెక్కితే ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చునేవాడు. ఇంజిన్ చప్పుడు వినపడట్లేదురా, ఆగిపోయిందా ఏంటి అనేవాడు ప్రతి సిగ్నల్ దగ్గరా. పిల్ల కారుకి మూడే సిలిండర్లు, న్యూట్రల్‌లో ఉంటే సీటుతో సహా మనిషి సన్నగా వణుకుతాడు, ఆ వణుకు లేకపోతే ఆయనకి తోచేది కాదు. అందుకే 2016 కృష్ణా పుష్కరాలప్పుడు ఊరంతా చుట్టాలు దిగితే అందరూ పెద్ద కార్లో, ఆయనా నేనూ పిల్ల కార్లో.

ఆ మరుసటేడు ఆయనకి ఒంట్లో బాగోలేక హాస్పిటల్‌కి తిరిగేవాళ్ళం. అప్పుడు కూడా ఇదే కావాలనేవాడు, ఎత్తు తక్కువ, ఎక్కడం దిగడం తేలిక అని. ఒకరోజు వస్తూ వస్తూ బందరు రోడ్డు మీద నేను ఒక పిచ్చి పని చేశా. కావాలనే కాస్త స్పీడుగా వెళ్ళి, ముందు ఆటోకి బాగా దగ్గరగా పోయాక బ్రేక్ వేశా. ఓరకంట కిందకి చూశా. ఆయన కాలు కదల్లేదు. కిటికీలోంచి బయటకి చూస్తున్నాడు. అదే సంవత్సరం పోయాడు.

సరే.

తర్వాత ఆరేళ్ళు కారు ఎందుకు ఉంచానంటే చెప్పడానికి ఏమీ లేదు. అమ్మబుద్ధి కాలేదు, అంతే. వాడింది కూడా లేదు, ఏడాది మొత్తం కలిపినా మూడొందల కిలోమీటర్లు తిరిగేది కాదు. ఫ్లాట్‌కి ఒకటే పార్కింగ్, అది పెద్ద కారుకి. దీన్ని ఒకసారి రోడ్డు మీద, ఒకసారి ఊరెళ్ళిన వాళ్ళ స్లాట్‌లో, ఇలా పరాయి పంచల్లో పెట్టుకుంటూ వచ్చా. నిలబడిపోయిన కారు నడిచే కారు కన్నా త్వరగా పాడవుతుందని అందరూ చెప్తారు గానీ చూస్తే గానీ తెలీదు. బ్యాటరీ ఏడాదికోసారి చచ్చేది. టైర్లు కింద పక్క చదునైపోయాయి. ఎలుకలు దూరి వైర్లు కొరికాయి, రెండుసార్లు. పార్టులకి మాత్రం ఇబ్బంది లేదు, 2014 జనవరి 18న ఫ్యాక్టరీలో 800 తయారీ ఆపేశారు గానీ పాతిక లక్షలకి పైగా బళ్ళు దిగిన మోడల్ కదా, ఏ మెకానిక్‌ని అడిగినా కళ్ళు మూసుకుని విప్పి బిగిస్తాడు.

2023లో ఆర్సీ గడువు దగ్గరపడింది. సొంత కార్లకి మొదట 15 ఏళ్ళు, తర్వాత ప్రతి ఐదేళ్ళకీ ఫిట్‌నెస్ చూపించి రిన్యువల్ చేయించుకోవాలి. 2013లో ఒకసారి, 2018లో ఒకసారి చేయించా. ఆ ఫీజు 600 ఉండేది, 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన కార్లకి 5000 చేశారు. దానికి తోడు పాత బళ్ళకి వేసే గ్రీన్ ట్యాక్సు. 2023 మార్చిలో అంతా కట్టి, బ్రేకులు, లైట్లు బాగుచేయించి, ఇన్‌స్పెక్టర్‌కి చూపించి ఇంకో ఐదేళ్ళు తెచ్చా. తెచ్చాక ఇంటికొచ్చి పేపర్లు బీరువాలో పెడుతుంటే మా ఆవిడ ఒక్క మాట అడిగింది. దీన్ని నడపడానికి కట్టారా, చూడ్డానికి కట్టారా అని. వాదించలేదు నేను. ఆ వారంలోనే ఫోటోలు.

అమ్మాయి ఫోన్‌లో ఫారం నింపుతోంది. మోడల్, ఏడాది, కిలోమీటర్లు, ఎంతమంది ఓనర్లు. మనమే ఫస్టా అంటే కాదు సెకండ్ అన్నా, లెక్చరర్ గారు గుర్తొచ్చారు. కండిషన్ ఏం పెట్టను నాన్నా, ఎక్సలెంటా గుడ్డా అంది. ఉన్నదున్నట్టు పెట్టు అన్నా. అలాంటి ఆప్షన్ లేదంది. కింద రాసుకోడానికి ఒక డబ్బా ఉంది, అందులో నేనే కూర్చుని సొట్టలన్నీ రాశా, వెనక డోరు, పెట్రోల్ మూత, కొబ్బరికాయ, చోక్ సంగతి, ఎండాకాలం తడిగుడ్డ సంగతి. అది చదివి అమ్మాయి, నాన్నా ఇది అమ్మే యాడా, పెళ్ళిచూపుల్లో పిల్ల జబ్బులు చెప్తున్నట్టుంది అని సగం కొట్టేసింది. ధర 60 వేలు పెట్టాం.

పది నిమిషాల్లో మొదటి మెసేజ్. లాస్ట్ ఎంత. నమస్తే లేదు, కారు ఉందా లేదు, లాస్ట్ ఎంత. ఆ రోజు సాయంత్రానికి అలాంటివి 23. ఒకాయన నా బైక్ ఇస్తా పైన పదివేలు వేస్తా అన్నాడు. ఇంకొకాయన ఏసీ పెట్టించి ఇస్తారా అన్నాడు. ఒకడు హిందీలో మాట్లాడుతూ మిలటరీలో పని చేస్తున్నా, కారు చూడక్కర్లేదు, అడ్వాన్స్ పంపిస్తా, ఒక క్యూఆర్ కోడ్ పంపుతున్నా స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. నేను ఫోన్ చేత్తో పట్టుకుని కళ్ళజోడు వెతుక్కుంటుంటే అమ్మాయి లాక్కుని కట్ చేసింది. స్కాన్ చేసి పిన్ కొడితే మన డబ్బులు పోతాయే గానీ మనకి రావు నాన్నా, డబ్బులు రావడానికి పిన్ ఎందుకు అంది. నిజమే కదా, ఎందుకు? ఇంత చిన్న ముక్క అప్పుడు బుర్రకెక్కలేదు. మీరు ఏదైనా అమ్మకానికి పెడితే మాత్రం ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

అన్నిటికన్నా మండింది మాత్రం ఒక తుక్కు వ్యాపారి. మర్యాదస్తుడే పాపం, నేరుగా వచ్చాడు, చుట్టూ చూశాడు, ఒంగి కింద చూశాడు, చిల్లున్న మ్యాట్ ఎత్తి చూశాడు. ఫ్లోర్ తుప్పుందండి ఇక్కడ అన్నాడు. ఆ చిల్లులోంచి వానాకాలం చెప్పుల తడి దిగి కింద రేకు పట్టేసినట్టుంది, నేనెప్పుడూ ఎత్తి చూడలేదు. ఆరొందల యాభై కిలోలుంటుంది, కిలో లెక్కన కట్టిస్తా అన్నాడు. నేనేమీ అనకుండా మ్యాట్ ఆయన చేతిలోంచి తీసుకుని పైకొచ్చేశా. దాన్ని బాల్కనీలో వాషింగ్ మెషిన్ వెనక పెట్టా. తర్వాత రోజు కొత్త మ్యాట్ల సెట్ తెచ్చి వేశా, ఫ్లోర్ వెల్డింగ్ చేయించి. కొనేవాళ్ళకి వెల్డింగ్ సంగతి చెప్పా, మ్యాట్ సంగతి చెప్పలేదు.

రెండు వారాలకి ఏలూరు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. వీడు లాస్ట్ ఎంత అనలేదు. అంకుల్, చోక్ ఉన్న మోడల్ అని రాశారు కదా, మీరే రాశారా అన్నాడు. అమ్మాయి కొట్టెయ్యకుండా వదిలిన వాక్యాల్లో అదొకటి. ఆదివారం వాళ్ళ నాన్నని తీసుకుని బస్సులో వచ్చాడు. కుర్రాడికి ఇరవై మూడో ఇరవై నాలుగో, లైసెన్సు వచ్చి మూడు నెలలట, మొదటి కారు ఇదే. నేర్చుకోడానికి పాత బండి అయితే గీతలు పడ్డా బాధుండదని వాళ్ళ నాన్న చెప్పాడట. బాధుండదా అనుకున్నా మనసులో. వాళ్ళ నాన్న ఏదో బ్యాంకులో అటెండర్‌గా చేసి రిటైరయ్యాడట, ఎక్కువ మాట్లాడడు. ఒక్కటే అడిగాడు, ఎందుకమ్ముతున్నారండీ అని. పార్కింగ్ లేదండీ అన్నా. తలూపాడు. 60 దగ్గర మొదలై 45 వేలకి తెగింది, బేరం నాకెప్పుడూ చాతకాదు, ఇంకో ఐదు నిమిషాలు మాట్లాడితే 40కే ఇచ్చేసేవాణ్ణి.

కాగితాల దగ్గర మాత్రం మా బావమరిది నన్ను వదల్లేదు. తాళాలిచ్చి చేతులు దులుపుకుంటే కాదు బావా, 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, బండి ఎవరికి అమ్మినా ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనరు, రేపు యాక్సిడెంటైతే నష్టపరిహారం నీ మెడకి చుట్టుకుంటుంది అని భయపెట్టాడు. ఓనరు పేరు మార్చడానికి ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30, ఆధార్ జిరాక్సులు, డెలివరీ కాగితం మీద తేదీతో పాటు టైం కూడా వేయించి సంతకాలు పెట్టించాడు. ట్రాన్స్‌ఫర్‌కి కొన్నవాళ్ళకి 30 రోజులే గడువని, ఇన్సూరెన్స్ అయితే 14 రోజుల్లోనే మార్చుకోమని కుర్రాడికి రెండుసార్లు చెప్పాడు. కుర్రాడు అన్నీ ఫోన్‌లో రాసుకున్నాడు. మా బావమరిది ఏదైనా చెప్తుంటే రాసుకున్న మొదటి మనిషి వీడే.

ఇంక కిందకి దిగాం. నేను చోక్ చూపించా. ఇలా లాగు, వేడెక్కాక తోసెయ్, మర్చిపోకు అన్నా. డిక్కీలో నీళ్ళ బాటిల్, కొత్త గుడ్డ పెట్టా, ఎందుకో చెప్పా. బానెట్ లివర్ గట్టిగా లాగొద్దు అన్నా. హ్యాండ్ బ్రేక్ ఒక పన్ను ఎక్కువ లాగాలి అన్నా. ఇంకా ఏదో చెప్పబోతుంటే మా ఆవిడ నా చొక్కా వెనక పట్టుకుని చిన్నగా గుంజింది, ఆపమన్నట్టు. గేటు దాకా వెళ్ళి అప్పుడు కూడా చోక్ చోక్ అంటున్నానట, తర్వాత అమ్మాయి చెప్పి నవ్వింది.

కుర్రాడు స్టార్ట్ చేశాడు. వాళ్ళ నాన్న ముందు సీట్లో కూర్చుని డోరేసుకున్నాడు, అద్దం హ్యాండిల్ తిప్పి కిందకి దించి నాకు నమస్కారం పెట్టాడు. కుర్రాడు క్లచ్ కాస్త గభాల్న వదిలేసరికి కారు ఒక గంతేసి స్తంభానికి దగ్గరగా వెళ్ళింది. నేను కిటికీ పక్కనే ఉన్నా. ఆ పెద్దాయన ముఖంలో ఏమీ మారలేదు, ఒక్క మాట కూడా అనలేదు, కుడికాలు మాత్రం ముందుకెళ్ళి కొత్త మ్యాట్‌ని గట్టిగా నొక్కింది.

వెళ్ళిపోయారు. సెల్లార్‌లో ఆయిల్ చుక్కల మరక ఉంది, వాచ్‌మన్ దాని మీద రంపపు పొట్టు చల్లాడు. నేను పైకొచ్చి టీవీ పెట్టుకు కూర్చున్నా, ఏం చూశానో తెలీదు.

మారుతీ వాళ్ళ ఆ మొదటి కారుని హర్‌పాల్ సింగ్ గారు 2010లో పోయేదాకా అమ్మలేదని ఎక్కడో చదివా. తర్వాత కంపెనీ వాళ్ళే దాన్ని కొత్తగా బాగుచేసి తమ ఆఫీసులో పెట్టుకున్నారట. ఆయనకి పార్కింగ్ సమస్య లేదేమో అనుకుని సర్దిచెప్పుకుంటున్నా. అంతలో ఫోన్ టింగుమంది.

ఫాస్టాగ్. మా బావమరిది అన్ని కాగితాలు చూసుకున్నాడు గానీ అద్దానికి అతికించిన ఆ స్టిక్కర్ మాత్రం ఎవ్వరికీ గుర్తురాలా. బండి అమ్మితే ట్యాగ్ క్యాన్సిల్ చేయించాలి, లేకపోతే వాళ్ళు తిరిగే టోల్ అంతా మన ఖాతాలోంచే. మెసేజ్‌లో పొట్టిపాడు టోల్ ప్లాజా అని, టైం 12:10. బ్యాంకుకి ఫోన్ చేద్దామని నంబర్ వెతికా. వెతికి, ఫోన్ పక్కన పెట్టేశా. రేపు చేద్దాంలే అనుకున్నా.

లెక్చరర్ గారిలా నేను మాత్రం ఫోన్ చెయ్యదల్చుకోలేదు కుర్రాడికి. అన్నం తిన్నా. మళ్ళీ ఫోన్ చూశా, ఏమీ లేదు. పొట్టిపాడు దాటితే హనుమాన్ జంక్షన్, అది దాటితే కలపర్రు, అక్కడ ఇంకో టోల్, మామూలుగా అరగంట. అరగంట దాటింది. ముప్పావు గంట దాటింది. చోక్ లోపలికి తోశాడా లేదా, ఎండకి బండి ఆగలేదు కదా, గుడ్డ గుర్తుందో లేదో. మా ఆవిడ ఏంటి తిరుగుతున్నారు అలా అంది. ఏం లేదన్నా.

1:14కి వచ్చింది మెసేజ్. కలపర్రు టోల్ ప్లాజా.

అరగంట దారికి గంట పైన. బాల్కనీలోకి వెళ్ళి వాషింగ్ మెషిన్ వెనక నుంచి మ్యాట్ తీసి, దులిపి, ఎండలో వేశా.